ఆరు గింజల రొట్టె గురించి మా కస్టమర్లకు మనవి

గుంటూరు బ్రాడీపేటలో మా కుటుంబం నడుపుతున్న చిన్న కేఫ్‌కు వచ్చే మీ అందరికీ వందనాలు. గల్లాపెట్టె పైన రెండేళ్లుగా ఉన్న బోర్డును గత వారం తీసివేశాం. ‘షుగరును అదుపులో ఉంచే ఆరు గింజల రొట్టె’ అని దాని మీద రాయించినది నేనే. బోర్డు కనిపించక, రొట్టెలు కూడా మానేశామనుకుని కొందరు వెనుదిరిగి వెళ్లారని తెలిసింది. రొట్టెలు మానలేదు. ఆ బోర్డు ఎందుకు తీశామో మీకు చెప్పకుండా ఉండడం న్యాయం కాదు కనుక ఇది రాస్తున్నాను.

రోజూ సాయంత్రం రెండు రొట్టెలు కట్టించుకుని వెళ్లే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ మాట నమ్మి, డాక్టరుకు చెప్పకుండా, రాత్రి పూట వేసుకునే షుగరు మాత్ర మానేశారు. నెల తిరిగేసరికి ఆయన కళ్లు తిరిగి పడిపోయారు, ఆసుపత్రిలో చూస్తే షుగరు బాగా పెరిగి ఉంది. ఇప్పుడు ఇంట్లోనే కోలుకుంటున్నారు. వారి కోడలు మా దగ్గరకు వచ్చినప్పుడు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. “మామయ్యగారు మీ బోర్డు చూసి ధైర్యపడ్డారండీ” అని మాత్రం అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఈ రొట్టె మా అత్తగారిది. భస్మ బుధవారం నుంచి ఈస్టరు వరకు, ఆదివారాలు మినహాయించి వచ్చే నలభై శ్రమదినాల్లో ఆవిడ మాంసం ముట్టరు, రాత్రి పూట అన్నం మాని రొట్టె తింటారు. బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం నాలుగో అధ్యాయంలో గోధుమలు, యవలు (బార్లీ), కాయధాన్యాలు (పప్పుగింజలు), చోళ్లు, సజ్జలు, తెల్ల జిలకర ఒకే పాత్రలో వేసి రొట్టెలు కాల్చుకోమని ప్రవక్తకు ఆజ్ఞ ఉంది. మనం రాగులు అనే గింజనే ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు. తెలుగు బైబిలులో ఉన్న ఈ పేర్లన్నీ మన కొట్లలో దొరికే గింజలవే కావడం ఆవిడకు ఎంతో సంతోషం. రొట్టె తిన్న ప్రతి రాత్రీ వండని బియ్యాన్ని కొలిచి ఒక డబ్బాలో పోసి, రోజూ వంటకు ముందు చర్చి కోసం తీసి ఉంచే పిడికెడు బియ్యంతో కలిపి సంఘానికి ఇస్తారు.

నేను దాన్ని కేఫ్‌లోకి తెచ్చినప్పుడు గింజల జాబితాను తీసుకున్నాను గాని, ఆ అధ్యాయాన్ని సరిగా చదవలేదు. అది యెరూషలేము ముట్టడికి గుర్తుగా చెప్పిన తిండి. రోజుకు ఇరవై తులాల ఎత్తు, అంటే మన లెక్కలో సుమారు 230 గ్రాములు, నీళ్లు కూడా కొలత ప్రకారమే. మంచి ధాన్యం చాలక, ఇంట్లో ఉన్నదల్లా కలిపి రొట్టె చేసుకునే కరువు అందులో ఉంది. అత్తగారు ఆ లేమిని తలచుకుంటూ తిన్న రొట్టెకు నేను మందు అని పేరు పెట్టాను. ఈ తప్పు నాదే, ఆవిడది కాదు.

రొట్టెలో బలం లేదని కాదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు కూడా పాలిష్ బియ్యంలో కన్నా చాలా ఎక్కువ. అయితే ఆ వంద గ్రాముల్లో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే కనుక, ఎక్కువ తింటే రాగులైనా షుగరును పెంచుతాయి. మెత్తగా ఉడికిన రాగిజావ రొట్టెకన్నా త్వరగా అరుగుతుంది కాబట్టి షుగరు ఉన్నవారు దాని విషయంలో మరింత జాగ్రత్త పడాలి. గోధుమలు, బార్లీ ఉన్నందున వాటిలోని గ్లూటెన్ అనే జిగురు పదార్థం పడనివారికి ఈ రొట్టె అసలు పనికిరాదు, ఈ సంగతి కూడా మేము ముందే రాసి ఉండవలసింది.

ఎండాకాలంలో రొట్టె చేదుగా ఉందని చెప్పినవారి మాట కూడా నిజమే. సజ్జల్లో నూనె ఎక్కువ కావడం వల్ల పిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది, మేమేమో పదిహేను రోజులకు సరిపడా ఒకేసారి మర పట్టించి ఉంచాం. ఇప్పుడు వారానికి రెండుసార్లు పట్టిస్తున్నాం. ఈ కారణంగా రొట్టె ధర ఇరవై నుంచి ఇరవై ఐదు రూపాయలు అయింది.

ఇంట్లో చేసుకుంటామని అడిగినవారి కోసం మా పాళ్లు ఇవి: కిలో పిండికి గోధుమలు అర కిలో, రాగులు 200 గ్రాములు, సజ్జలు 150, బార్లీ 100, శనగలు 50, పైన ఒక చెంచా జిలకర. రాగులకు, సజ్జలకు జిగురు ఉండదు కాబట్టి పిండిని వేడినీళ్లతో కలిపి, తడిబట్ట కప్పి కాసేపు ఉంచితేనే రొట్టె విరగకుండా వస్తుంది. బోర్డు ఉన్న చోట ఇప్పుడు ఈ పాళ్లు మాత్రమే రాసి పెట్టాం. షుగరు ఉన్నవారు అడిగితే సగం సైజు రొట్టె కాల్చి ఇస్తాం, ఎన్ని తినాలో మాత్రం దయచేసి మీ డాక్టరును అడగండి.

కిందటి క్రిస్మస్‌కు మేము పంచిన కరపత్రాల్లో కూడా ఆ షుగరు మాటే ఉంది. మీ ఇంట్లో గాని, మీరు ఇచ్చిన బంధువుల ఇంట్లో గాని అది ఇంకా ఉంటే దయచేసి చించివేయండి. అది చదివి ఎవరైనా మాత్రలు తగ్గించుకుని ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లమని చెప్పండి.