రౌటర్ డబ్బా మీద పోర్టు వేగం కనపడేలా వేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏళ్ల తరబడి పనిచేసిన వైఫై రౌటర్ మొరాయించగానే పన్నెండు, పదిహేను వందల్లో కొత్తది తెచ్చి పెట్టుకుంటున్నారు. మర్నాటి నుంచే వెనక గదిలో సిగ్నల్ లేదని, వీడియో కాల్ మధ్యలో ఆగుతోందని, 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 94 దాటడం లేదని బాధపడుతున్నారు. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, బీటీఎం లేఅవుట్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలోనూ పీజీల్లోనూ (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలోనూ) ఈ మాట తరచూ వినబడుతుంది. కొన్నవాళ్లు నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. కంపెనీ మనిషి వచ్చి లైన్ బాగానే ఉందని చెప్పి వెళ్తాడు. చాలాసార్లు అతను చెప్పింది నిజమే. వేగం సంగతిలో లోపం ఎక్కువగా, డబ్బా మీద పెద్దక్షరాల్లో వేయని ఒక అంకెలో ఉంది.

ఆ అంకె పోర్టు వేగం. మామూలు ఇంటి రౌటర్ల వెనక కేబుల్ దూర్చే పోర్టులు ఎక్కువగా రెండు రకాలు: 100 ఎంబీపీఎస్‌వి, 1000 ఎంబీపీఎస్‌వి. రెండోదాన్నే గిగాబిట్ అంటారు. 100 పోర్టు గుండా ఫైళ్లు, వీడియోలు వచ్చే అసలు వేగం 94, 95 దగ్గర ఆగిపోతుంది. పైన ప్లాన్ 200 అయినా 500 అయినా గుమ్మం అంతే. స్పీడ్ టెస్టులో ఏ పూట చూసినా సరిగ్గా 92, 94 దగ్గరే అంకె నిలిచిపోతుంటే ముందు పోర్టునో, దాని కేబుల్‌నో అనుమానించాలి. ఆరేడేళ్ల కిందటి మధ్యరకం రౌటర్లలో గిగాబిట్ పోర్టులు మామూలుగా ఉండేవి. ఇవాళ్టి చవక మోడళ్లలో ‘ఏసీ1200’ అని రాసినవాటిలో కూడా చాలావాటికి 100 పోర్టులే ఉంటున్నాయి.

ఆ 1200 ఎక్కడినుంచి వచ్చిందో కూడా జనానికి తెలియాలి. వైఫై నడిచే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 867 ఎంబీపీఎస్, రెండూ కలిపి పైకి సవరిస్తే 1200. మామూలు ఫోన్ ఒక సమయంలో ఒక్క బ్యాండ్‌కే కలుస్తుంది కాబట్టి ఈ కూడిక ఎవరికీ అందేది కాదు. 867 కూడా రౌటర్ ఉన్న గదిలో, ఫోన్‌లో రెండు యాంటెన్నాలు ఉంటేనే. అందులోనూ చేతికి వచ్చేది సగం, కాస్త పైన. దానికి 100 పోర్టు తగిలిస్తే ఇంటర్నెట్ విషయంలో ఆ 867కి అర్థమే లేదు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు అన్నది ఇలాంటివాటినే.

వెనక గది సంగతికి వస్తే, నాలుగు కొమ్ముల్లా నిలబెట్టిన యాంటెన్నాలు చూసి సిగ్నల్ దూరం వెళ్తుందనుకుంటారు. చవక రౌటర్లో ఉండేది బ్యాండ్‌కి రెండు దారులే. పాత ఏసీ1750 రకంలో మూడేసి ఉండేవి (450కి 1300 కలిపితే 1750). ఫోన్‌లో రెండే ఉన్నా, రౌటర్ మూడు యాంటెన్నాలతో వింటే ఫోన్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని మెరుగ్గా పట్టుకుంటుంది. ఫోన్ ప్రసార శక్తి రౌటర్ కంటే తక్కువ. అందుకే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోదు: రౌటర్ మాట ఫోన్‌కి వినబడుతోంది, ఫోన్ మాట రౌటర్‌కి వినబడటం లేదు. ఇక బెంగళూరులో ఇళ్ల గోడలు ఎక్కువగా సాలిడ్ కాంక్రీట్ బ్లాకులవి. మైవాన్ పద్ధతిలో కట్టిన కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే లోపలి గోడలు కూడా ఇనుప కమ్మీలతో పోసిన కాంక్రీటే. రెండు గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ దాదాపు చచ్చిపోతుంది. 2.4 దాటుతుంది కానీ అక్కడ పక్కింటివాళ్ల గోల. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. ‘ఎన్300’ అని అమ్మే అతి చవక రకానికి ఈ ఒక్క బ్యాండే ఉంటుంది. ఇళ్లు ఒత్తుగా ఉన్న వీధిలో దాన్ని కొనవద్దని గట్టిగా చెబుతాం.

పీజీల కష్టం వేరు. ముప్పై ఫోన్లు ఒకేసారి తెరిచే వందల కనెక్షన్లన్నిటి లెక్కా రౌటర్ తన మెమరీలో పెట్టుకోవాలి. 32 లేదా 64 ఎంబీ ర్యామ్ ఉన్న చవక రౌటర్ రాత్రి తొమ్మిదింటికి ఆ భారం మోయలేక స్తంభిస్తుంది. ఆపి మళ్లీ వేస్తే ఓ గంట బాగుంటుంది. అందరికీ సమానంగా పంచుదామని క్యూఓఎస్ (వేగాన్ని పంచిపెట్టే సెట్టింగ్) ఆన్ చేస్తే, ప్యాకెట్లు హార్డ్‌వేర్ దారి వదిలి చిన్న ప్రాసెసర్ మీద పడి మొత్తం వేగమే తగ్గవచ్చు. ఇలాంటి రౌటర్లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచాలి.

అసలు పాతది పారేసే ముందు దాని అడాప్టర్ మార్చి చూడాలి. అడాప్టర్‌లోని కెపాసిటర్లు ఏళ్ల వేడికి ఎండిపోయి, లోడ్ పడగానే వోల్టేజి జారిపోతుంది, రౌటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. రౌటర్ పోయిందని అనుకునేది ఎక్కువగా ఇక్కడే. అడుగున 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే వోల్టేజి అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు కూడా కలవాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్ సామాను బజారు ఎస్.పి.రోడ్డులో ఇవి కొద్ది డబ్బుకే దొరుకుతాయి. 9 వోల్టుల రౌటర్‌ని 12 వోల్టుల మినీ యూపీఎస్‌కి తగిలించి కాల్చుకోవద్దు.

కొత్తది పెట్టాక వేగం రాకపోతే వైఫైతో కాకుండా కేబుల్‌తో మొదలుపెట్టాలి. ల్యాప్‌టాప్‌ని ముందు ఫైబర్ పెట్టెకి, తర్వాత రౌటర్‌కి కలిపి రెండుచోట్లా వేగం చూడండి. విండోస్‌లో ఈథర్నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ 100 అని ఉందో 1000 అని ఉందో కనపడుతుంది. రెండు వైపులా పోర్టు గిగాబిట్ అయి కూడా 100 చూపిస్తే తప్పు ఎక్కువగా కేబుల్‌ది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కలవాలి. 1, 2, 3, 6 నంబర్లే తగిలినా 100తో నెట్ నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కనెక్టర్ కోసి కొత్తది క్రింప్ చేయిస్తే (నొక్కి బిగిస్తే) చాలాసార్లు సరిపోతుంది.

పాతదాన్ని రీసెట్ చేసేముందు పీపీపీఓఈ (నెట్ కంపెనీ లాగిన్) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన వీలాన్ నంబరు ఉంటే అదీ రాసిపెట్టుకోండి. కొన్ని చోట్ల పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కే (ఆ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యకే) కనెక్షన్ కట్టి ఉంటుంది. అప్పుడు కొత్తదాంట్లో మ్యాక్ క్లోన్ చేయాలి (పాతదాని సంఖ్యే పెట్టాలి), లేదా నెట్ వాళ్లకి చెప్పి విడిపించుకోవాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెడితే ఫోన్లూ టీవీలూ వాటంతట అవే కలుస్తాయి. సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్ కలవకపోతే వైఫై భద్రతా సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ3 తీసి డబ్ల్యూపీఏ2 పెట్టి, 2.4కి వేరే పేరు ఇవ్వండి. 2.4లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

పాతది బతికే ఉంటే వెనక గదికి అదే మందు. దానికి ల్యాప్‌టాప్ కలిపి, కొత్తది 192.168.1.1 అయితే దీని అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి. తర్వాత కొత్తదాని ల్యాన్ పోర్టు (ఇంట్లో పరికరాలు కలిపేది) నుంచి పాతదాని ల్యాన్ పోర్టుకే కేబుల్ వేయాలి. వ్యాన్‌కి (నెట్ లైన్ దూర్చే పోర్టుకి) వేస్తే రెండో నెట్‌వర్క్ తయారై, ఆ గదిలో ఫోన్‌కి హాల్లో టీవీ, ప్రింటర్ కనపడవు. 2.4 బ్యాండ్‌లో ఒకటి ఛానల్ 1లో, ఇంకోటి 11లో ఉండాలి.

ఫ్రిజ్ మీద స్టార్ గుర్తు చూసి కరెంటు ఖర్చు అంచనా వేస్తున్నాం. రౌటర్ డబ్బా మీద 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, కంపెనీ చిరునామా వేస్తున్నారు. పోర్టు వేగం వేయమని మాత్రం అందులో లేదు. అది ముందు వైపున, 1200 ఎంత సైజులో ఉందో అంత సైజులో ఉండాలి. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో కూడా వేయాలి. గిగాబిట్ అని చెప్పి 100 పోర్టుది అంటగడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు. అసలు ఏమీ చెప్పకుండా అమ్మితే కొన్నవాడు దేని మీద ఫిర్యాదు చేయాలి?

మీ పత్రిక సాంకేతిక పేజీలో కొత్త రౌటర్ల గురించి రాసేటప్పుడు ధర పక్కనే వ్యాన్ పోర్టు 100దా, 1000దా అనే ఒక్క గడి చేర్చవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
నెట్‌వర్క్ బిగింపు పనిలో ఉన్న తెలుగు టెక్నీషియన్లు,
మారతహళ్లి, బెంగళూరు