పాచికకు లొంగే తోడేలు

సంపాదక మహాశయులకు,

సంక్రాంతికి అమలాపురం వచ్చిన మా మనవడు, అరుగు మీద స్నేహితులతో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట (ఒక్కొక్కరూ ఒక కథాపాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించేది) ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆటలో వాడికి తోడేలు ఎదురైంది. ఇరవై ముఖాల పాచిక విసిరాడు, పదిహేడు పడింది. "మచ్చికైపోయింది తాతయ్యా!" అన్నాడు.

ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి, నవ్వొచ్చింది. మా కోడెకు ముకుతాడు వేశాక పది రోజుల దాకా నన్ను దగ్గరకు రానిస్తే ఒట్టు. చివరికి అది లొంగింది కూడా నాకు కాదు, రోజూ కుడితి పెట్టే మా ఆవిడకు.

అయితే ఆట నిబంధనలు చదివించి విన్నాక కాస్త తగ్గాను. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో జంతువులను సంబాళించే నైపుణ్యానికి ఆధారం ఆ కథాపాత్రకున్న ఆకర్షణశక్తి. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో దాన్ని వివేకం కిందికి మార్చారు. అదే సబబు! ఆ నైపుణ్యమైనా పెంపుడు జంతువును శాంతపరచడానికి, ఎక్కిన గుర్రం బెదరకుండా చూడడానికి, జంతువు ఉద్దేశం పసిగట్టడానికి. ఒక్క విసురుతో తోడేలును మచ్చిక చేయడం మావాడి సొంత పైత్యమే.

మీ పిల్లల పేజీలో ఇలాంటి ఆటల గురించి రాసేటప్పుడు ఆటకూ నిజానికీ ఉన్న ఈ తేడా కూడా చెప్పండి. కోరంగి మడ అడవుల్లో నీటిపిల్లిని (చేపలు పట్టే అడవిపిల్లిని) పట్టి పెంచుదామన్నాడు మావాడు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువురా, అంటే గట్టి రక్షణ ఉన్నదిరా, జైల్లో వేస్తారన్నాను.

"తప్పించుకోడానికి ఎంత పడాలి తాతయ్యా?" అన్నాడు.

– ఒక విశ్రాంత కాంపౌండరు, అమలాపురం