స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

సూపరింటెండెంట్ గారూ,

ఇది కావాలనే తెలుగులో రాస్తున్నాను. మీకిది ఎలా అర్థం కాదో, ఇంగ్లిష్‌లో వచ్చే మీ కాగితాలూ మా ఆవిడకి అలాగే కనిపిస్తాయి.

మొన్నటి మీటింగ్‌కి నేను రాలేకపోయాను. టీచరమ్మ మాటలు వాళ్లమ్మకి తెలుగులో చెప్పింది మా ఎనిమిదేళ్ల పిల్లే. "హోంవర్క్ చేయట్లేదు" అంటే, "బాగా చదువుతున్నానట" అని చెప్పేసింది! మర్నాడు టీచరు మెయిల్ చూసి నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పిల్ల మీద కాదు.

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల ప్రోగ్రాం గురించి తల్లిదండ్రులకు పంపే నోటీసు ఇంటి భాషలోనూ ఉండాలని టెక్సస్ విద్యా చట్టమే అంటోంది. ఆ పిల్లల భాషా స్థాయి, ప్రోగ్రాం సంగతి తేల్చే ఎల్‌పీఏసీ (లాంగ్వేజ్ ప్రొఫిషెన్సీ అసెస్‌మెంట్ కమిటీ)లో ఒక పేరెంటు ఉండాలి కూడా. ఆ కుర్చీలో తెలుగు తల్లి కూర్చోకూడదా?

చేర్పించేటప్పుడు ఇంటి భాష ఫారంలో 'తెలుగు' అని రాశాం. అది తీసి చూడండి. ఈసారి ఫోన్‌లోనైనా సరే, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించండి.

ఇట్లు,
ఓ తండ్రి