దేశం దాటినవారికి ఉన్న ఓటు దేశంలో తిరిగేవారికీ ఉండాలి

సంపాదకులకు,

అమెరికాలో ఇల్లు అమ్మేసి, పడకా వంటగదీ ఉన్న ఆర్‌వీ వాహనాన్నే ఇల్లుగా చేసుకుని ఏడాది పొడవునా రాష్ట్రాలు తిరుగుతూ ఉండేవారి ఓటు హక్కు గురించి ఈ లేఖ రాస్తున్నాను. అక్కడి పౌరసత్వం తీసుకుని, ఉద్యోగ విరమణ తరువాత అలాగే జీవించాలనుకుంటున్న తెలుగువారిలో నేనూ నా భర్తా ఉన్నాం.

అక్కడ అధ్యక్ష ఎన్నిక సైతం రాష్ట్రాలవారీగానే జరుగుతుంది కాబట్టి, ఏదో ఒక రాష్ట్రంలో నివాసం చూపడం ఓటుకు తప్పనిసరి. అందుకే ఈ ప్రయాణికుల్లో చాలామంది, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడాలలో, వచ్చిన ఉత్తరాలను తామున్న చోటికి పంపించే సంస్థల చిరునామానే తమదిగా పెట్టుకుంటారు. సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు, నివాస ప్రమాణపత్రం చూపితే డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తూ వచ్చారు. అదే రాష్ట్రం 2023లో, ఓటరుగా నమోదయ్యే ముందు కనీసం 30 రోజులు అక్కడ నివాసం ఉండాలని చట్టం చేసింది. ఇలాంటి సంస్థల దగ్గర అద్దెకు తీసుకునే వాణిజ్య తపాలా పెట్టెను నివాసంగా చూపిన ఓటర్లు అసలు నివాసానికి రుజువు ఇవ్వాలని టెక్సాస్ 2021లోనే చట్టం తెచ్చింది. వాహన రిజిస్ట్రేషన్ రుసుము తీసుకునేటప్పుడు సరిపోయిన చిరునామా ఓటు దగ్గరికి వచ్చేసరికి చాలకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

స్థానికుల అభ్యంతరంలో న్యాయం ఉంది. ఊళ్లో వారం రోజులైనా ఉండనివారు ఆ ఊరి పాఠశాల బోర్డును ఎన్నుకోవడం సబబు కాదు. అయితే ఆ అభ్యంతరం స్థానిక పదవులకే వర్తిస్తుంది. 1986 నాటి సమాఖ్య చట్టం ప్రకారం, హైదరాబాదులోనో పారిస్‌లోనో ఉంటున్న అమెరికా పౌరుడు, తిరిగి వెళతాడో లేదో తెలియకపోయినా, అమెరికాలో సొంత ఇల్లు మిగలకపోయినా, దేశం విడిచేముందు చివరిగా నివసించిన చోటి ఓటరుగా అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. ఆ దేశపు రోడ్ల మీదే తిరుగుతూ, అక్కడే పన్నులు కట్టే పౌరుడికి అంతపాటి హామీ లేదు. మన దేశంలోనూ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఓటరుకు అక్కడి సాధారణ నివాసం పోదని చెబుతోంది.

కాబట్టి విదేశాల్లో ఉన్నవారికి వర్తించే చివరి నివాసం నియమాన్నే, సమాఖ్య పదవుల వరకు, ఆర్‌వీలలో నివసించేవారికీ వర్తింపజేస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి. అంతవరకు, అలా బయలుదేరదలచిన తెలుగువారు ఏదో ఒక రాష్ట్రంలో నిజంగానే నెల రోజులకు పైగా ఉండి, ఆ బస రసీదులు దాచుకుని, ప్రతి ఎన్నికకూ చాలా ముందే ఓటరు జాబితాలో తమ పేరు ఉందో లేదో చూసుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, టెక్సాస్