ముత్తాత దాకా హక్కుంది, రిజిస్టరులో పేరే లేదు

సంపాదకుడికి,

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు తీసుకునే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును చాలామంది ‘ద్వంద్వ పౌరసత్వం’ అంటున్నారు. అది పొరపాటు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐతో ఓటు రాదు, పొలం కొనకూడదు. వీసా అవసరం లేకుండా జీవితాంతం వచ్చిపోవచ్చు.

తాతముత్తాతల ద్వారా హక్కు ఇచ్చే విషయంలో మన చట్టం ఉదారమైనదే. ఇటలీ 2025లో చట్టం మార్చి, బయటి దేశాల్లో పుట్టినవారికి వంశం ద్వారా వచ్చే పౌరసత్వ హక్కును చాలావరకు తాతల తరంతో ఆపేసింది. మన ఓసీఐ మునిమనవల దాకా వెళ్తుంది. చిక్కంతా మన మున్సిపాలిటీ, పంచాయతీ జనన రిజిస్టర్లలోనే ఉంది.

తాత ద్వారా దరఖాస్తు చేసే మనవరాలికి రెండు రుజువులు కావాలి. తాత భారతీయుడని చూపే పాస్‌పోర్టులాంటి పత్రం ఒకటి. ఆమె నుంచి తాతదాకా ఏ తరమూ తెగకుండా, తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రాలు రెండోది. ఆమెది అమెరికాలో సులువుగానే దొరుకుతుంది. తెగేది నడిమి ముడి, అంటే ఇక్కడ పుట్టిన తండ్రిది. జననాల నమోదుకు 1969లోనే చట్టం వచ్చినా, ఆ తర్వాతా పల్లెల్లో ఎన్నో కాన్పులు రిజిస్టరుకెక్కలేదు. ఎక్కినచోట ‘మగ శిశువు’ అని రాసి వదిలేశారు. పేరు చేర్పించడానికి మీసేవలో ‘చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్’ ఉంది గానీ, అది చిన్నపిల్లలను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు. నమోదే లేకపోతే ముందు స్థానిక రిజిస్ట్రారు నుంచి ‘నమోదు లేదు’ అన్న పత్రం తీసుకోవాలి, ఆ తర్వాత ఆర్డీఓ ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించాలి. కాన్పు సంగతి తెలిసిన పెద్దలు బతికుండగానే అఫిడవిట్ రాయించుకోవడం మంచిది.

ఇక ఇంటిపేరు. రిజిస్టరులో ‘కె. వెంకటేశ్వరరావు’, టెన్త్ సర్టిఫికెట్‌లో ‘కొల్లి వెంకటేశ్వర రావు’, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఖాళీ ఉంటే అమెరికా వీసాలో పూర్తి పేరంతా సర్‌నేమ్‌గా మారి, అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అప్పుడు తండ్రీ కొడుకులు కాగితం మీద పరాయివాళ్ళవుతారు. ఏ పత్రంలో ఏ పేరుందో అక్షరం తప్పకుండా రాసి, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్ జతచేయాలి. ‘చిన్న తేడాయే కదా’ అని వదిలేస్తే ఫైలు వెనక్కి రావచ్చు.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ విన్నపం. పాత జనన రిజిస్టర్లను స్కాన్ చేసి, ఊరు, ఏడాది వారీగా వెతికే వీలు కల్పించండి. పెద్దవాళ్ళ పేరు చేర్పుకు, సవరణకు మన కాన్సులేటు ధ్రువీకరించిన అఫిడవిట్‌ను ఆమోదించండి. ఊళ్ళో ఉన్న అన్నదమ్ములో, మేనమామో విదేశాల్లో ఉన్నవాళ్ళ తరఫున దరఖాస్తు ఇచ్చే పద్ధతి పెట్టండి. ఒక్క పేరు రాయించుకోవడానికి ఎవరూ విమానమెక్కి రావాల్సిన పని ఉండకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు