గది ఖాళీ చేసే ముందు ఆ కట్టలు లెక్క పెట్టించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో మా బ్యాచ్ డిగ్రీ విద్యార్థులకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం, వెరసి పది నెలలు. బీకాం వాళ్లకి ఆడిటర్ ఆఫీసులున్నాయి, కంప్యూటర్స్ వాళ్లకి ఏదో ఒక కంపెనీ దొరుకుతుంది, చరిత్రో తెలుగో చదివే మాలాంటి వాళ్లకి మాత్రం ఎక్కడికి వెళ్లాలో చెప్పే దిక్కు లేదు, అందుకే చాలామంది తెలిసినవాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుని రికార్డు రాసేసి ఊరుకుంటున్నారు. నాకు వందేళ్లు దాటిన ఒక కాలేజీ లైబ్రరీలో, పాత రికార్డుల గదిలో పని దొరికింది. ఇప్పుడు ఆ గదినే ఖాళీ చేస్తారంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

తాళం చేతికిచ్చేటప్పుడు లైబ్రరీ వాళ్లు "ఏముందమ్మా, అన్నీ పాత పేపర్లే" అన్నారు. నిజమే, పాత పేపర్లే. కృష్ణాపత్రిక, భారతి బైండింగులు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, ఎవరో ప్లీడరు గారు చనిపోయాక వాళ్లింట్లో వాళ్లు బీరువాతో సహా ఇచ్చేసిన పుస్తకాలు, హాస్టల్ లెక్కలు, గ్రూప్ ఫొటోలు, కాలేజీ మ్యాగజైన్లు, విద్యార్థులు చేత్తో రాసి బొమ్మలేసిన లిఖిత పత్రికలు. భారతి లాంటివి ఇంకెక్కడైనా దొరుకుతాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు స్కాన్ చేయించబట్టి కొన్ని ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలకి వెళ్తే అసలు ప్రతులే చూడొచ్చు. కానీ ఒక కాలేజీ కుర్రాళ్లు చేత్తో రాసుకున్న పత్రికకి రెండో కాపీ ఉండదు కదా.

అడ్మిషన్ రిజిస్టర్ల దగ్గరే నాకు ఎక్కువ రోజులు పట్టింది. పొడుగాటి పుస్తకం, మూలల్లో తోలు, ఒక్కో కుర్రాడికి ఒక్కో వరస. పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, తండ్రి ఏం చేస్తాడు (కరణం, వ్యవసాయం, ప్లీడరు గుమాస్తా), కట్టిన ఫీజు రూపాయలు అణాలు పైసల్లో, చివర్న కాలేజీ ఎందుకు వదిలేశాడో రాసే గడి. 1930 దగ్గరికొచ్చేసరికి మధ్యలో మానేసిన పేర్లు వరసగా కనిపించాయి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది. అందుకే మానేశారని నేను అనలేను, రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీగా ఉంది, జైలు రికార్డులతో పోల్చి చూస్తే తప్ప తేలదు. పోల్చాలంటే ముందు ఆ రిజిస్టర్ బతికుండాలి.

కాగితం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాతదైతే పాడైపోతుంది, మనమేం చేస్తాం అనేస్తున్నారు. గుడ్డ పీలికల గుజ్జుతో చేసిన పాతకాలపు కాగితం ఇప్పటికీ మెత్తగా, గట్టిగా ఉంది. దానికంటే చాలా తర్వాత వచ్చిన న్యూస్‌ప్రింటే పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. కలప గుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది లోపల్నించే తినేస్తూ వస్తుంది, మన కోస్తా ఉక్కకి ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. దాని మీద మనుషులు మంచికని చేసినవి వేరే. చిరిగిన చోట వేసిన సెల్లో టేపు ఊడిపోయి, దాని జిగురు మాత్రం పసుపు మరకగా అక్షరాల మీద ఉండిపోయింది. గుండుసూదులు తుప్పు పట్టి కాగితానికి చిల్లులు పెట్టాయి. ముఖ్యమైన కాగితమని కొన్నింటిని లామినేషన్ చేయించారు, దాన్ని ఇక విడదీయలేం. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం, సూదులు జాగ్రత్తగా తీసేయడం, రబ్బరు బ్యాండ్ల బదులు నూలు నాడాతో కట్టడం, గోడకి ఆనకుండా సర్దడం, ఇంతవరకే మాలాంటి వాళ్లు చేయగలిగేది, చేయాల్సింది కూడా.

అసలు ప్రమాదం చెదపురుగుల వల్ల కాదు. లైబ్రరీ పుస్తకానికి యాక్సెషన్ నంబరు, అంటే రిజిస్టర్‌లో ఎక్కించిన నంబరు ఉంటుంది, తీసేయాలంటే కమిటీ వేయాలి, రైటాఫ్ చేయాలి, అంటే లెక్కల్లోంచి కొట్టేయాలి, ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి. ఈ గదిలో ఉన్నవాటిలో చాలావాటికి నంబరే లేదు. కాబట్టి అవి లేనట్టే లెక్క. కాలేజీల ప్రమాణాలు చూసే న్యాక్ బృందం వస్తోంది, డిజిటల్ క్లాస్‌రూమ్ కావాలి అనగానే తూకానికి వేసేయొచ్చు, అడిగేవాడుండడు, పోయిందేమిటో చెప్పేవాడూ ఉండడు. అందుకే నేను పని చేసినన్నాళ్లూ లిస్టే రాశాను. ఏ బీరువా, ఏ అర, కట్టలో ఏముంది, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎలా ఉంది. కట్టల వరస మార్చలేదు, ఎందుకంటే ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా సమాచారమే.

నాకంటే ముందు వచ్చిన ఇంటర్న్ కూడా లిస్టు రాసిందట, అది ఎవరి పెన్‌డ్రైవ్‌లో పోయిందో తెలియదు. లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు, ఒక లెక్చరర్ గారు పాఠాలు చెప్పుకుంటూనే ఇన్‌చార్జిగా చూస్తున్నారు, ఆయన్నేమీ అనలేం. ఏది ఎక్కడుందో తెలిసింది అటెండర్ బాబాయ్ ఒక్కరికే. ఏదడిగినా తలెత్తకుండా "ఏడో బీరువా, కింద అర చూడమ్మా" అంటారు, ఉంటుంది. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు.

అన్నీ స్కాన్ చేసి పారేయొచ్చు కదా అని నా స్నేహితులే అంటున్నారు. స్కాన్ చేయాల్సిందే, నేను వద్దనను. కానీ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో తెలుగు పుస్తకం కోసం వెతికిన వాళ్లకి తెలుసు, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుల తడకగా ఉంటాయి, కొన్ని పుస్తకాల్లో పేజీలే ఉండవు. అసలు ప్రతి చేతిలో ఉంటే మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు, తూకానికి వేశాక ఏం చేస్తాం? ఇంకో సంగతి, రిజిస్టర్లలో కులం, మార్కులు, ఇంటి వివరాలు ఉంటాయి. ఈ మధ్య కాలం వాటిని ఇంటర్నెట్‌లో పెట్టకూడదు, అది యంత్రానికి తెలియదు, మనిషే చూసి తీయాలి.

ఉన్నత విద్యామండలి వారికి నా విన్నపం. పాత కాలేజీల్లో ఇలాంటి గదులున్నాయి, పని కోసం తిరిగే బీఏ విద్యార్థులూ ఉన్నారు, ఈ రెంటినీ కలపండి. అందరూ ఒకే పద్ధతిలో రాసేలా ఒక ఫారం ఇవ్వండి, పాత ఇంటర్న్ ఆపిన చోట కొత్త ఇంటర్న్ మొదలుపెట్టాలి. లిస్టు కాపీ ఒకటి కాలేజీలో, ఒకటి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉండాలి. మమ్మల్ని చూపించి లైబ్రేరియన్ పోస్టులు మాత్రం ఆపకండి, రెండు నెలలుండి పోయేవాళ్ల మీద గది వదిలేయడం కుదరదు. లిస్టు పూర్తయ్యేదాకా లెక్కలో లేని కాగితాలు కూడా కమిటీ చూడకుండా బయటికి పోకూడదని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, దానికి ఖర్చు కూడా లేదు.

నా లిస్టు ఇంకా సగంలోనే ఉంది. ప్రిన్సిపాల్ గారికి ఒక కాపీ ఇచ్చాను, గది మీద నిర్ణయం సెలవుల తర్వాత అన్నారు. ఇలాంటి పాత కాలేజీల్లో చదువుకున్న పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఈ సెలవుల్లోనే ఒకసారి మీ కాలేజీకి వెళ్లి అలాంటి గది గురించి అడగండి.

ఇట్లు,
బీఏ చరిత్ర ఆఖరి సంవత్సరం విద్యార్థిని