బయోగ్యాస్ ట్యాంకును చెత్తకుండీలా వాడితే ఇంతే

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రికలో బయోగ్యాస్ ప్లాంటు మూతపడిన వార్త చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ప్లాంటు ఆగిన సంగతి అందరికీ తెలిసిందే. అధికారులు చెప్పిన కారణమే నాకు మింగుడుపడలేదు. చెత్త బాగాలేదట, ఈ టెక్నాలజీ పనికిరాదట. మీ విలేకరి కూడా ఆ మాటను ఉన్నదున్నట్టు రాసేశారు. రోజుకు ఎంత వేశారు, ఏం వేశారు, పీహెచ్ (పులుపు కొలిచే అంకె; 7 కన్నా తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఎంత ఉంది అని ఒక్క ప్రశ్న అడిగినట్టు లేదు.

నేను పన్నెండేళ్లు ఒక పెద్ద వంటశాల వెనక డైజెస్టర్‌ను, అంటే చెత్త నుంచి గ్యాస్ తయారయ్యే మూసిన ట్యాంకును, చూసుకున్నాను. అందులో ఉన్నవి ప్రాణులు. ముందు కొన్ని బ్యాక్టీరియా చెత్తను కరిగించి ఆమ్లాలుగా మారుస్తాయి. చివరికి వాటి నుంచి మీథేన్ చేసే సూక్ష్మజీవులు వేరు. ఆమ్లం చేసేవాటికి తొందరెక్కువ, గంటల్లో పెరుగుతాయి. మీథేన్ చేసేవి నిదానం, రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. మనం ఒక్కసారిగా ఎక్కువ వేస్తే ఆమ్లం పేరుకుపోతుంది. పీహెచ్ 6.5 కన్నా కిందికి జారాక మీథేన్ చేసేవి చతికిలపడతాయి, ఆమ్లం చేసేవి మాత్రం ఆగవు. ఇక ట్యాంకు రోజురోజుకూ పులిసిపోతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఒక విందు మర్నాడు మిగిలిపోయినదంతా మా ట్యాంకులోనే వేయమన్నారు. రోజూ వేసేదానికి మూడు రెట్లు. వద్దని చెప్పాను, వినలేదు. ఆ సాయంత్రం గ్యాస్ డ్రమ్ము ఎప్పుడూ లేనంత పైకి లేచింది. అందరూ సంబరపడ్డారు. మూడో రోజు బర్నర్ మీద మంట నిలవలేదు. వెలిగించగానే పైకి ఎగిరి ఆరిపోయేది. గ్యాస్ ఉంది, కానీ అందులో మీథేన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. స్లర్రీ, అంటే ట్యాంకులోని చిక్కటి ద్రవం, బయటకు వచ్చే చోట ముక్కుకు ఘాటుగా పులుపు వాసన. అయినా పీహెచ్ కాగితం ఆ రోజు కూడా 7 దగ్గరే చూపించింది. ఐదో రోజుకు 6కు పడిపోయింది. మేత, అంటే చెత్త వేయడం, పూర్తిగా ఆపేసి, సోడియం బైకార్బొనేట్ (వంటసోడా) కొద్దికొద్దిగా కలుపుతూ, బాగా నడుస్తున్న ఇంకో ట్యాంకు నుంచి స్లర్రీ తెచ్చి పోసి, మళ్లీ నీలం మంట చూడటానికి నాకు నెల దాటింది. ఒక్క పూట తొందరకు నెల రోజుల టెన్షన్.

పీహెచ్ ఆలస్యంగా పడటానికి కారణం ఉంది. స్లర్రీలో ఉన్న క్షారత ఆమ్లాన్ని కొంతకాలం అణచిపెడుతుంది. అది అయిపోయాకే పీహెచ్ కిందికి దిగుతుంది. అప్పటికి పని చెడిపోయి ఉంటుంది. అందుకే నడిపేవాళ్లు ఆమ్లానికి, క్షారతకు మధ్య నిష్పత్తి చూస్తారు. కొంచెం స్లర్రీ వడకట్టి, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తే, అంటే దాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పట్టిందో కొలిస్తే, అరగంటలో తెలిసిపోతుంది. మామూలుగా 0.3, 0.4 దాటుతుంటే మేత తగ్గించాలి. ఒక్కో ట్యాంకుది ఒక్కో తీరు, కాబట్టి దాని మామూలు అంకె ఏమిటో ముందే తెలిసి ఉండాలి. రోజూ రాసుకున్నవాడికే అది తెలుస్తుంది.

నూనె, కొవ్వు ఎక్కువైతే నురగ, పైన గట్టి తెట్టు. మాంసకృత్తులు ఎక్కువైతే అమ్మోనియా. కడిగిన సబ్బునీళ్లు, ఫినాయిల్ పోస్తే సూక్ష్మజీవులకు చేటు. మా ట్యాంకులాంటి వాటిలో వేడి 35 నుంచి 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే మంచిది. ఇవేవీ రహస్యాలు కావు. ఏళ్ల తరబడి బాగా నడిచే ట్యాంకులు ఇలాంటి జాగ్రత్తలతోనే నడుస్తాయి.

మరి ఇక్కడ జరుగుతున్నదేమిటి? కట్టడానికి టెండరు ఉంటుంది, నడపడానికి మనిషి ఉండడు. ఉన్నవాడికి పని పట్టుబడే లోపే మార్చేస్తారు. ఎన్ని టన్నులు వేశారన్నదే లెక్క, ఎంత మీథేన్ వచ్చిందని అడిగేవాడు లేడు. నేను మానేసిన తర్వాత ఒకసారి ఆ పాత చోటికి వెళ్లి లాగ్ బుక్ తెరిచాను. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో వేడి 37, పీహెచ్ 7.2. సెలవు రోజున కూడా అంతే. పీహెచ్ మీటరు అలమారలో, పెట్టె సీలు కూడా తీయకుండా ఉంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వార్తలో ఇంకో మాట చదివి భయపడ్డాను. కూలీలను దించి ట్యాంకు ఖాళీ చేయిస్తారట. దయచేసి ఆ పని చేయించవద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. మోతాదు పెరిగితే వాసన కూడా తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. పైగా పులిసిన ట్యాంకును ఖాళీ చేస్తే అందులో మిగిలిన కాసిని మంచి సూక్ష్మజీవులూ పోతాయి. మేత ఆపి, ఓపికపడితే చాలాసార్లు అదే కోలుకుంటుంది.

ప్లాంటు మళ్లీ మొదలుపెడతామంటే సంతోషమే. మొదటి వారం పావువంతు మేతతో మొదలుపెట్టి, అంకెలు చూసుకుంటూ పెంచమనండి. పీహెచ్, ఆమ్లం, క్షారత, మీథేన్ శాతం రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయమనండి. ప్రారంభోత్సవం ఫొటోకు వెళ్లే మీ విలేకరిని రెండు నెలల తర్వాత ఇంకోసారి పంపండి. లాగ్ బుక్ అడిగి, మీటరు చేతిలోకి తీసుకుని చూడమనండి.

ఇట్లు,
ఒక మాజీ బయోగ్యాస్ ఆపరేటర్